గెడ్డ ఎండిన ఏడాది, చెత్తడబ్బా వాసన

పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో చెత్తడబ్బా తూర్పు గోడ వారన ఉండేది. పెద్ద నూనెడబ్బా పైభాగం కోసేసి, దాని మీద చదును రేకు ముక్క ఒకటి మూతగా పెట్టారు. ఆ ఇంట్లో మూడు కాపురాలు. ముందు భాగంలో ఇంటివారు. ఆయన శివాలయంలో అర్చకులు, పంతులుగారు అనేవాళ్లం. ఆవిడని అమ్మగారు అనేవాళ్లం. వెనక వరసలో ఒక వాటా గుమాస్తాగారిది. ఆయన రోజూ రైల్లో టెక్కలి వెళ్లి ఆఫీసు పని చేసుకుని వచ్చేవారు. చివరి గదిలో నేనూ మా చెల్లెలూ. ముగ్గురి చెత్తా ఆ ఒక్క డబ్బాలోనే పడేది. పంచాయతీ ఎడ్లబండి బుద్ధి పుట్టినప్పుడు వచ్చి ఎత్తుకెళ్లేది.

అరవై ఏడో, అరవై ఎనిమిదో. ఏడాది సరిగ్గా చెప్పలేను గానీ, ఆ పెరటి వాసన మాత్రం ఇప్పుడే పీల్చినట్టు చెప్పగలను. ఈ మధ్య చెత్తబుట్టల్లోకి నిమ్మకాయ వాసన వేసే సంచులు అమ్ముతున్నారు. మా ఇంట్లోనూ తెచ్చారు. కంపు మీద నిమ్మకాయ వాసన చల్లితే కంపు పోతుందా? నిమ్మకాయ కూడా కుళ్లినట్టుంటుంది. ఆ సంచిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాసన ఎక్కడినుంచి వస్తోందో వెతకరు. ఎవరిమీద పెట్టాలో మాత్రం వెంటనే తెలుస్తుంది. ఆ సంగతే రాస్తున్నాను.

మాది ఉద్దానంలో అక్కుపల్లి పక్క పల్లె. మా నాన్న, తాతలు అందరూ సముద్రం మీద బతికినవాళ్లే. నేను మాత్రం తెప్ప ఎక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటపెట్టేవాణ్ని. మా నాన్న కొన్నాళ్లు చూసి, వీడు ఒడ్డు మీద బతకాల్సినవాడే అని వదిలేశాడు. అలా పలాస వచ్చి జీడిబట్టీలో పిక్కలు తూచే పనిలో చేరాను. బడిలో నేను నేర్చుకున్నది అక్షరాల వరకే. మిగతాదంతా బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాలు చదివీ, మా చెల్లెలి పుస్తకాలు దాని వెనకాల కూర్చుని చదివీ నేర్చుకున్నాను. అది హైస్కూల్లో ఎస్సెల్సీ చదువుతోంది. మా పల్లెలో ఆడపిల్ల అంతదాకా రావడం అదే మొదలు. మా అమ్మ ఒక్క మాట మీద ఉంది: పరీక్ష రాసి వస్తే సరే, మధ్యలో ఇంటికొస్తే మళ్లీ పంపేది లేదు, మావయ్య ఎదురుచూస్తున్నాడు, పెళ్లి చేసేస్తాను.

ఊళ్లో గది దొరకడం మాటలు కాదు. ఎక్కడ అడిగినా ముందు బాగానే మాట్లాడేవారు. "మీదే ఊరు?" అనేవారు. చెప్పగానే, గదికి ఇంకెవరో వస్తామన్నారని గుర్తొచ్చేది వాళ్లకి. అమ్మగారొక్కరే మొహాన చెప్పారు. "చేప ఈ గుమ్మం దాటి రాకూడదు. వండకూడదు, ఎండుది కూడా దాచకూడదు. సరేనా?" సరేనన్నాం. చెప్పిన మాట తప్పలేదు. ఒకసారి మా అమ్మ కొబ్బరికాయల బండి మీద ఎండు నెత్తళ్ల మూట పంపించింది. మా చెల్లెలు నడిరోడ్డు మీదే మూట విప్పి, ఒకసారి వాసన చూసి, మళ్లీ కట్టేసి, బట్టీలో పిక్కలు కొట్టే ఒక అక్కకి ఇచ్చేసి ఇంటికొచ్చింది. ఆ పూట ఇద్దరం చింతకాయ పచ్చడితో అన్నం తిన్నాం. అంత నిష్ఠగా ఉన్నాం మేం.

శివరాత్రి వెళ్లిన కొన్నాళ్లకి పెరట్లో వాసన మొదలైంది. మొదట్లో తీపిగా, పులిసిన కల్లులా ఉండేది. పోనుపోను అందులో విరిగిన పాల వాసన కలిసింది. ఇంకా ముదిరాక దానికి పోలిక దొరకలేదు. ఊరంతా జీడితొక్కల పొగలో మునిగి ఉండేది, గొంతులో గరగరలాడే పొగ. దాన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ పొగని కూడా తోసుకుని వచ్చేదంటే ఈ వాసన ఎంతటిదో చూసుకోండి.

ఒకరోజు పొద్దున్నే నూతి దగ్గర మా చెల్లెలు నీళ్లు తోడుతోంది. అమ్మగారు చెంబు పట్టుకుని వచ్చారు.

"ఏమే అమ్మాయ్, ఆ డబ్బాలో ఏం పడేశారు? నూతి దగ్గరికి రాలేకపోతున్నాను."

"ఆనపకాయి తొక్కులండమ్మగారూ. నిన్న అదే ఒండినాం."

"ఆనపకాయ తొక్కు ఇంత కంపు కొడుతుందిటే? నాకు తెలీదనుకున్నావా? ఇది నీచు కంపు."

మా చెల్లెలికి నోరు ఆగదు. చేద గట్టు మీద పెట్టి నడుం మీద చేతులేసుకుంది. "మీరు పుట్టినకాడ్నుంచి సేప ముట్టనేదు కదండీ. మరి నీసు కంపు ఎలగుంటాదో మీకెలగ తెలిసినాదండి?"

గుమాస్తాగారి భార్య తలుపు చాటున కిసుక్కున నవ్వింది. ఆ నవ్వే మా కొంప ముంచింది. మా చెల్లెలి మాటని అమ్మగారు చిన్నపిల్ల కదా అని వదిలేసేవారేమో. పక్కవాటా ఆవిడ నవ్వు వినబడ్డాక ఎలా వదులుతారు?

"ఉగాది నాటికి గది ఖాళీ చేసెయ్యండి. కొత్త సంవత్సరం ఈ కంపుతో మొదలెట్టుకోలేను," అని చెంబు ఖాళీగానే పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

పరీక్షలు ఉగాది దాటాక.

సాయంత్రం నేను బట్టీ నుంచి వచ్చేసరికి మా చెల్లెలు పుస్తకం ముందేసుకుని గోడని చూస్తోంది. జరిగింది చెప్పింది.

"నోరు కూసింత కట్టీసుకుంటే నీ సొమ్మేటి పోయినాది?" అన్నాను.

"నాను తప్పు సెప్పినానేటి? మనం సేప ఒండినామేటి?"

"ఒండనేదు."

"మరైతే ఈ కంపు ఎక్కడిదన్నియ్యా?"

అవమానం సంగతి అలా ఉంచి, ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నిజమే. ఎక్కడిది? మూడు ఇళ్ల కూరగాయ తొక్కులూ, బూడిదా, విస్తరాకులూ కలిసి ఇంత వాసన ఎలా తయారుచేస్తున్నాయి? ఆ డబ్బాలో అసలేం జరుగుతోంది?

సెలవు రోజు డబ్బా బోర్లించాను. గోనెపట్టా పరిచి, కట్టెపుల్లతో ఒక్కొక్కటీ విడదీసి చూశాను. బీరపొట్టు, అరటితొక్కలు, గుమాస్తాగారింటి కాఫీపిప్పి, పెరుగన్నం అంటుకున్న విస్తరాకులు, మా పొయ్యి బూడిద. చేపముల్లు ఒక్కటీ లేదు. గట్టిగా అందరికీ వినబడేలా అన్నాను కూడా, ముల్లు ఒక్కటీ లేదని. ఎవరూ తలుపు తియ్యలేదు. కానీ ఒకటి కనబడింది. డబ్బా అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి, నల్లగా, మీద నురగతో. చెత్తలో నీళ్లెవరు పోశారు?

అది మా చెల్లెలే కనిపెట్టింది. అమ్మగారు చెత్త వెయ్యడానికి వచ్చినప్పుడల్లా ముందు మూత మీద చెంబుడు నీళ్లు కుమ్మరించేవారు. మేం ముట్టుకున్న మూత కదా, శుద్ధి చెయ్యకుండా ఎలా తీస్తారు? ఆ నీళ్లు రేకు మీద చిల్లుల్లోంచి తిన్నగా లోపలికి దిగేవి. పొడిగా ఉన్న చెత్త తడిసి, తడిసింది కుళ్లి, కుళ్లింది ఊటలా అడుక్కి చేరేది. శుద్ధి చేసినకొద్దీ డబ్బా పాడవుతోంది. ఈ మాట ఆవిడతో అనగలనా?

అనలేదు. మూతే మార్చాను. బట్టీలో పాత రేకు ముక్క అడిగి తెచ్చి, ఇంటి కప్పులా మధ్యకి వంచి, అంచులు డబ్బా బయటికి వచ్చేలా పెట్టాను. ఎన్ని చెంబులు పోసినా నీళ్లు అటూ ఇటూ జారి నేల మీదే పడతాయి. డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, ఇటుకల మీద నిలబెట్టి, కింద ఇసక పోశాను. డబ్బాని గుల్లసున్నంతో తోమి, బోర్లించి, ఎండలో రోజంతా వదిలేశాను. బట్టీ నుంచి జీడితొక్కల బూడిద తెచ్చి జల్లెడ పట్టాను. జల్లెడ పట్టకపోతే అందులో సగం కాలిన తొక్కలుంటాయి, వాటి నూనెకి చెయ్యి పొక్కిపోతుంది. డబ్బా పక్కనే ఒక కుండలో ఆ బూడిద పెట్టి, చెత్త వేసినప్పుడల్లా గుప్పెడు చల్లడం నేనూ చెల్లెలూ మొదలెట్టాం. పెరుగన్నం విస్తరాకులు విడిగా తీసి వీధి చివర గేదెలాయన కుడితి కుండలో వేసి వచ్చేవాణ్ని.

చెయ్యకూడనివీ చేశాను. వేపాకు పరిస్తే మంచిదని ఎవరో చెబితే పరిచాను. రెండు రోజులకి కుళ్లిన వేపాకు వాసన అదనం. గుమాస్తాగారు నన్ను చూసి జాలిపడి ఫినాయిలు సీసా కొనుక్కొచ్చారు.

"ఇది శానిటేషన్ ప్రాబ్లమయ్యా. నీ బూడిదా గీడిదా పనిచెయ్యవు. ఫినాయిల్ ఈజ్ ది ఓన్లీ రెమిడీ," అని సగం సీసా పోసేశారు.

మర్నాడు ఆయన భార్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. "ఇల్లు ఆస్పత్రి చేసీసేరు. ఇప్పుడు కంపూ ఉంది, జబ్బూ ఉన్నట్టుంది," అంది. ఆయన రైలుకి వెళ్లిపోయారు.

ఫినాయిలు వదిలి, డబ్బా మళ్లీ తోమి ఎండబెట్టాక, ఒక సాయంత్రం మూత తీసి లోపల తల పెట్టాను. గట్టిగా పీల్చాను. రేకు వాసన, బూడిద వాసన. ఇంకేమీ లేదు. నాకే నమ్మకం కలగక మళ్లీ పీల్చాను. అప్పుడే గుమాస్తాగారు టెక్కలి నుంచి వచ్చారు.

"ఏమయ్యా, తల అందులో పెట్టావ్? పోయింది దొరికిందా?"

"లేదండి. పోవలసింది పోయిందండి," అన్నాను తల బయటికి తీసి.

ఎంత గర్వపడ్డానో! మా చెల్లెల్ని పిలిచి తల పెట్టించాను. అది మొహం అంతా బూడిద చేసుకుని నవ్వింది. మర్నాడు పొద్దున్న అమ్మగారు నూతి దగ్గరికి వచ్చి, గాలి పీల్చి, మా గుమ్మం వైపు చూసి, "ఇంకా అలాగే ఉంది," అన్నారు. నేను బయటికొచ్చి పీల్చాను. అలాగే ఉంది.

దెబ్బ తిన్నట్టయింది నాకు. డబ్బా దగ్గరికి పరిగెత్తాను. మూత తీసి చూస్తే లోపల ఏ వాసనా లేదు. తల బయట పెడితే వాసన. లోపల లేనిది బయట ఎలా ఉంటుంది? రాత్రి ఎవరూ చెత్త వెయ్యలేదు. నిన్న సాయంత్రం లేనిది ఈ పొద్దున్న ఎలా వచ్చింది? నేను బట్టీలో తప్పు తూకం వేసి తిట్లు తిన్నాను ఆ రోజు. మనసంతా దీని మీదే.

మధ్యాహ్నం అన్నానికొచ్చి పీలిస్తే వాసన లేదు. సాయంత్రం లేదు. మర్నాడు తెల్లవారగానే మళ్లీ ఉంది. అంటే దీనికి వేళలున్నాయి. పొద్దున్న వచ్చి, ఎండెక్కాక పోయే వాసన.

మా చెల్లెలు సైన్సు పుస్తకం చదువుతోంది. "వాసన గాలిలో కలిసి వత్తాదని రాసినాడు ఇక్కడ. గాలి ఎటెళితే అటెళతాది," అంది.

గాలి. ఆ మాటతో మా నాన్న గుర్తొచ్చాడు. తెల్లవారగట్ల తెప్ప మీద ఉన్నప్పుడు ఒడ్డు కనబడకపోయినా ఊరి పొయ్యిల పొగ వాసన ముందు తగులుతుందని చెప్పేవాడు. ఆ వేళ గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఎండెక్కాక తిరగబడి సముద్రం నుంచి నేల మీదికి వస్తుంది. సముద్రానికి పనికిరానివాణ్ని కాబట్టి ఈ సంగతులు నాకెందుకులే అనుకునేవాణ్ని. అవి పలాస పెరట్లో పనికొస్తాయని ఎవరనుకుంటారు?

తెల్లవారగానే డబ్బా పక్కన నిలబడి, బూడిద చిటికెడు తీసి వదిలాను. బూడిద డబ్బా మీంచి తూర్పుకి, గోడ అవతలికి పోయింది. మళ్లీ వదిలాను. మళ్లీ అటే. డబ్బాలో కంపు ఉంటే గింటే పక్క సందులోవాళ్లకి రావాలి, మాకు రాకూడదు! మాకొచ్చేది పడమటి నుంచి వస్తోంది.

మా చెల్లెల్ని లేపాను. ఇద్దరం గాలికి ఎదురు నడిచాం, ఒక్కో అడుగూ పీల్చుకుంటూ, పిల్లుల్లా. డబ్బా నుంచి మా గుమ్మం, మా గుమ్మం నుంచి నుయ్యి. నూతి దగ్గర వాసన చిక్కబడింది. నూతి అవతల తులసికోట. అక్కడ ఇంకా చిక్కబడింది. తులసికోట దాటితే అమ్మగారి వంటింటి వెనక గోడ. అటు మేం వెళ్లకూడదు. ఆ గోడ నీడలో ఒక పెద్ద మట్టిబాన ఉంది. దాని మీద చెక్కపలక, పలక మీద రాయి. పలక అంచున ఎండిపోయిన మారేడు ఆకు ఒకటి అంటుకుని ఉంది.

ఆ ఆకు చూడగానే మా చెల్లెలు నా చెయ్యి గిల్లింది. "అన్నియ్యా! గుడి పువ్వులు!"

అప్పుడర్థమైంది. శివుడి మీద వేసి తీసిన పువ్వులూ పత్రీ మామూలు చెత్త కాదు. వాటిని నిర్మాల్యం అంటారు. చెత్తలో వెయ్యకూడదు, ఎవరి కాలి కిందా పడకూడదు, పారే నీళ్లలోనే కలపాలి. గుడి దగ్గర వదిలేస్తే మేకలు నములుతున్నాయని పంతులుగారు వాటిని రోజూ బుట్టలో ఇంటికి తెచ్చి, పొద్దున్నే ఊరి పక్క గెడ్డలో, అంటే చిన్న వాగులో, కలిపి వచ్చేవారు. ఆ ఏడు గెడ్డ ముందుగానే ఎండిపోయింది. ఇసక తప్ప చుక్క నీరు లేదు. మధ్యలో శివరాత్రి వచ్చింది. ఊరంతా తెచ్చి పోసిన పాలలో, పెరుగులో, తేనెలో తడిసిన పువ్వులు గంపలకొద్దీ. అవన్నీ ఎక్కడికి పోయాయని నేనెప్పుడైనా ఆలోచించానా? ఇంట్లో ఎవరైనా ఆలోచించారా? చెత్త అన్న మాటే దానికి వర్తించదు కాబట్టి, కంపు కొట్టేది ఏదని వెతికేటప్పుడు దానివైపు ఎవరి ముక్కూ తిరగలేదు.

"నాను ఇప్పుడే ఎల్లి సెప్పీసి వత్తాను," అంది మా చెల్లెలు.

"ఏటని సెప్తావు? దేముడి పువ్వులు కంపు కొడతన్నాయనా? ఉగాది దాకా కూడా ఉండనివ్వరు."

"మరి మనకి సేపల కంపని పేరెట్టొచ్చేటి? అది సెప్పొచ్చు, ఇది సెప్పకూడదేటి?"

"నువ్వు పరీచ్చ రాయాలా వద్దా?"

"రాయాల."

"అయితే నోరు ముయ్యి. నాను అడుగుతాను. సెప్పను, అడుగుతాను."

పంతులుగారు మంచాయన. నశ్యం అలవాటు. ఎడమచేతి బొటనవేలి మీద ఎప్పుడూ ఆ గోధుమరంగు పొడి ఉండేది. ఆయన ముక్కుకి ఇంకో వాసన ఏదీ తెలిసేది కాదనుకుంటాను. ఆయన గుడి నుంచి బుట్టతో వచ్చే వేళకి నూతి దగ్గర నిలబడ్డాను. అమ్మగారు అక్కడే బియ్యం కడుగుతున్నారు.

"పంతులుగారూ, ఒక సంగతి తెలీక అడుగుతానండి. గెడ్డలో నీళ్లు లేవు కదండీ. నిర్మాల్యం ఎక్కడ కలుపుతున్నారండి?"

ఆయన మొహం వెలిగింది. తన కష్టం ఒకరికి పట్టిందన్నట్టు. "అదేనయ్యా నా బెంగ! నిలవనీళ్లలో కలపకూడదు. ఇసకలో పాతితే రేపు ఎవడో తొక్కుతాడు. గెడ్డ పారేదాకా బానలో దాస్తున్నాను. శివరాత్రి తరవాత నిండిపోయింది. రా, చూద్దువుగాని. ఫరవాలేదు, తులసికోట దాకా రా."

రాయి దింపి, పలక పక్కకి జరిపారు.

దాన్ని వర్ణించను. వాసన లేచింది అనడం కూడా తక్కువే. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అమ్మగారి చెయ్యి ముక్కు మూసుకోడానికి లేచింది, ముక్కు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. దేవుడి పువ్వుల ముందు ముక్కు మూసుకుంటారా ఎవరైనా? ఆ చెయ్యి అలాగే పక్కకి తిరిగి, రెండోది కూడా కలిసి, ఆవిడ చెంపలు వేసుకున్నారు. టపటపా వేసుకున్నారు. తర్వాత బియ్యంగిన్నె తీసుకుని, నావైపు చూడకుండా, లోపలికి వెళ్లిపోయారు.

ఆవిడకి తెలిసింది. నాకు తెలిసిందని కూడా తెలిసింది.

"ఏమైంది ఈవిడకి?" అన్నారు పంతులుగారు, చిటికెడు నశ్యం పీల్చి.

"ఏం లేదండి. పంతులుగారూ, గెడ్డ ఎండిందిగానీ సముద్రం ఎండదు కదండీ. అందులో కలపొచ్చాండి?"

ఆయన ఆలోచించారు. సముద్రాన్ని ఊరికే ముట్టుకోకూడదు, పర్వదినం కావాలి. ఉగాది ముందురోజు కొత్త అమావాస్య. ఆ రోజైతే దోషం లేదు, పైగా సముద్రస్నానం పుణ్యం. తనూ వస్తానన్నారు. వంటింట్లోంచి అమ్మగారి గొంతు వినబడింది. "వాళ్ల చేత మోయిస్తారుటండీ శివనిర్మాల్యం?"

"మరి నువ్వు మోస్తావుటే?"



అమావాస్య నాడు పంతులుగారు తన చేత్తో బానలోది గోనెసంచుల్లోకి ఎత్తారు. నేను నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టలతో సంచులు మోశాను. కొబ్బరికాయలు దింపి ఉద్దానం తిరిగి వెళ్తున్న ఖాళీ బండి మాట్లాడాను. ముందు పంతులుగారు, వెనక సంచుల మీద నేను. ఊరు దాటేసరికి బండివాడు తట్టుకోలేకపోయాడు.

"ఏటి బావా ఈ కంపు? సేపలు కుళ్లిపోనాయేటి?"

"సేపలు కావు. శివుడి పువ్వులు."

"ఊరుకో బావా! పంతులుగారు ఇంటన్నారు, అలగనీకు. కళ్లు పోతాయి."

"నిజమేనోయ్. పువ్వులే," అన్నారు పంతులుగారు.

బండివాడు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన్ని చూసి, సంచులు చూసి, నన్ను చూశాడు. పంతులుగారి చేత కూడా అబద్ధం ఆడించానని వాడి నమ్మకం. అక్కుపల్లి దాకా ఎద్దులతో తప్ప మాట్లాడలేదు. దారి పొడుగునా జీడితోటల్లోంచి జనం తలలెత్తి చూసి, "సేపల బండి," అనుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చేప ముట్టకుండా ఇన్నాళ్లున్నవాణ్ని, దేవుడి పువ్వులు మోస్తూ చేపలవాడినయ్యాను.

ఒడ్డున సంచులు దింపేసరికి మా వాళ్లు చుట్టూ చేరారు. చేరినంత వేగంగానూ వెనక్కి తగ్గారు. వలలు విదిలిస్తున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పుట్టినప్పటి నుంచి చేపల మధ్య బతికినవాళ్లు, ముక్కులు మూసుకున్నారు! మా అమ్మ నన్ను చూసి పరుగున వచ్చి, అంత దూరంలో ఆగిపోయింది.

"ఏట్రా నాయినా ఇది? ఊళ్లో ఉద్యోగమని సెప్పి ఈ పనేట్రా సేత్తన్నావు?"

పువ్వులని చెప్పాను. ముక్కు మీది చెయ్యి తీసి కళ్లకద్దుకుంది. పంతులుగారు నడుంలోతు నీళ్లలోకి దిగి, మంత్రం చెప్పుకుంటూ ఒక్కో గుప్పెడూ కలిపారు. నేను మోకాళ్లలోతులో నిలబడి సంచులు అందించాను. అంతకన్నా లోపలికి వెళ్తే నా కడుపు సంగతి నాకు తెలుసు. అల పట్టుకెళ్లింది, తెచ్చింది, మళ్లీ పట్టుకెళ్లింది. కాసేపటికి ఒడ్డు మీద మారేడు ఆకులు కొన్ని మిగిలాయి, అంతే.

గది సంగతి బట్టీ వాళ్ల నోటి మీదుగా మా అమ్మకి ముందే చేరింది. ఆయన ఒళ్లు తుడుచుకుంటుంటే దగ్గరికొచ్చి నిలబడింది. "బాబూ, గది ఉగాదికి కాళీ సెయ్యమన్నారంట. పిల్లని రేపు తెచ్చీమంటాను ఈడ్ని. మంచి రోజు కదా."

పంతులుగారికి ఆ సంగతే తెలీదు. నావైపు చూశారు. "ఎవరు ఖాళీ చెయ్యమన్నారు?"

నేను సముద్రం వైపు చూశాను.

ఆయన చాలాసేపు తల తుడుచుకున్నారు. "లేదమ్మా. పిల్ల పరీక్ష రాస్తుంది. రాసే వస్తుంది," అన్నారు.

ఉగాది వచ్చింది. పెరట్లో వాసన లేదు. పొద్దున్న కొండగాలికి నూతి దగ్గర వేపపువ్వు వాసన మాత్రం ఉంది. గది మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని ఊరుకుంటే సరిపోయేది, గానీ మధ్యాహ్నం అమ్మగారు గుమాస్తాగారి భార్యతో అంటూంటే విన్నాను: "గట్టిగా చెప్పాను కాబట్టి దారికొచ్చారు. చూడు, డబ్బా ఎంత శుభ్రంగా పెడుతున్నారో!"

రక్తం తలకెక్కింది నాకు. మా చెల్లెలు లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను. "నువ్వు సదువుకో," అని నేనే వెళ్లాను.

"అమ్మగారూ, ఒక మాట చెప్పండి. ఉండమంటారా, ఖాళీ చెయ్యమంటారా?"

ఆవిడ పప్పు ఏరుతున్నారు. తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి.

"పరీక్షలున్నాయిగా పిల్లకి. ఉండండి." మళ్లీ పప్పులో చెయ్యి పెట్టి, "మళ్లీ అమావాస్య ఎప్పుడో ఆయన్ని అడుగు. గెడ్డ ఇప్పట్లో పారేలా లేదు. బాన నిండేదాకా ఉంచకూడదు," అన్నారు.

అంతే. నింద వేసిన నోటితోనే నింద తీసేయాలి కదా. తియ్యలేదు. ఆవిడ బతికి ఉన్నన్నాళ్లూ తియ్యలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఆ ఇంటికి వెళ్లి పలకరించినప్పుడు కూడా, కాఫీ ఇచ్చారు, పిల్లలెంతమందని అడిగారు, ఆ మాట తప్ప అన్నీ మాట్లాడారు. నాకు ఇప్పటికీ కోపమే. ఎవరైనా నన్ను పెద్దమనసు చేసుకోమంటే వాళ్లమీద కూడా కోపమే.

గదిలోకి వచ్చి చెల్లెలికి చెప్పాను, ఉండమన్నారని. "ఊరికేనా?" అంది.

"అమావాస్య అమావాస్యకీ సంచులు మొయ్యాల."

"మోద్దాం. నానూ వత్తాను, పరీచ్చలయ్యాక," అని పేజీ తిప్పింది.

మొదటి పరీక్ష రోజున అది తలకి నీళ్లు పోసుకుని, జడ ఆరకుండానే బయల్దేరింది. వీధి గుమ్మంలో అమ్మగారు ముగ్గు పెడుతున్నారు. ముగ్గు తొక్కకుండా అది పక్కనుంచి దాటబోతుంటే ఆవిడ లేచి నిలబడి దారి ఇచ్చారు. "ఏమే, పెన్నులో సిరా పోసుకున్నావా?"

"పోసుకున్నానండి."

"అయితే వెళ్లు. ఆలస్యమవుతుంది."

నేను బడి గేటు దాకా వెళ్లాను. గంట కొట్టారు. అది వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పరుగెత్తింది. గేటు మూసేదాకా అక్కడే నిలబడి, ఆ రోజు బట్టీకి ఆలస్యంగా వెళ్లాను.